క్లౌడ్ సపోర్ట్ నేర్పాలంటే ముందు సర్వర్ చెడగొట్టించండి

సంపాదకులకు నమస్కారం.

విద్య, ఉపాధి పేజీల్లో క్లౌడ్ కొలువుల గురించి వచ్చే వ్యాసాల్లో రెండు సంగతులే ఎక్కువగా కనిపిస్తాయి: ఏ సర్టిఫికెట్ చేయాలి, జీతం ఎంత వస్తుంది. సపోర్ట్ ఇంజినీర్ ఉద్యోగాన్నయితే ఫోనెత్తి సమాధానం చెప్పే పనిగా ఒక్క వాక్యంలో తేల్చేస్తున్నారు. ఆ పని చేస్తున్నవాళ్లం, ఇంటర్వ్యూల్లో మన పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తున్నవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లోనూ ఇంజినీరింగ్ కాలేజీల్లోనూ సర్వర్‌ను ఎలా నిలబెట్టాలో బాగానే నేర్పుతున్నారు. నిలబడ్డ సర్వర్ పడిపోతే ఎందుకు పడిందో వెతకడం మాత్రం నేర్పడం లేదు. కస్టమర్ మా దగ్గరికి వచ్చేది ఆ వెతుకులాట కోసమే. అది అలవడాలంటే విద్యార్థి చేతనే సర్వర్‌ను చెడగొట్టించి, మళ్లీ బాగు చేయించాలి. ఎలా చేయించవచ్చో వివరంగా చెబుతాం.

అన్నిటికంటే ముందు నేర్పాల్సింది ఎర్రర్ మెసేజ్‌ను అక్షరం పొల్లుపోకుండా చదవడం. లైనక్స్ మెషీన్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతితో, వెళ్లలేకపోతున్నామని కేసు వస్తుంది. "కనెక్ట్ కావడం లేదు" అనే మాటలో ఏమీ లేదు. తెర మీద పడిన వరుసలోనే సగం జవాబు ఉంటుంది. "కనెక్షన్ టైమ్డ్ ఔట్" అని పడితే ప్యాకెట్ దారిలోనే ఎక్కడో పోయింది: సెక్యూరిటీ గ్రూప్‌లో (మెషీన్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ నియమాల్లో) ఎస్ఎస్‌హెచ్ వాడే 22వ పోర్ట్ తెరవలేదు, లేదా సబ్‌నెట్ (మెషీన్ ఉన్న నెట్‌వర్క్ భాగం) రూట్ టేబుల్‌లో ఇంటర్నెట్ గేట్‌వేకు దారి లేదు, లేదా మెషీన్‌కు పబ్లిక్ ఐపీయే లేదు. "కనెక్షన్ రెఫ్యూజ్డ్" అని పడితే చాలాసార్లు ప్యాకెట్ మెషీన్ దాకా చేరినట్టే; అక్కడ ఎస్ఎస్‌హెచ్ సర్వీసు నడవడం లేదు, లేదా వేరే పోర్ట్‌లో నడుస్తోంది. "పర్మిషన్ డినైడ్" అంటే సర్వీసు కూడా పలికింది. తాళంచెవి తప్పు, లేదా యూజర్ పేరు తప్పు. అమెజాన్ లైనక్స్‌కు "ఈసీ2–యూజర్", ఉబుంటు ఇమేజ్‌కు "ఉబుంటు" అని ఇవ్వాలి. ఈ మూడింటి తేడా తెలియని అభ్యర్థి సెక్యూరిటీ గ్రూప్ దోషానికి కొత్త కీ తయారుచేసుకుంటూ కూర్చుంటాడు.

నిన్నటిదాకా పనిచేసి ఈరోజు టైమ్డ్ ఔట్ అయితే మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: సెక్యూరిటీ గ్రూప్‌లో "మై ఐపీ" పెట్టారా? ఇంటి బ్రాడ్‌బ్యాండ్ రూటర్ రీస్టార్ట్ అయినా, మొబైల్ హాట్‌స్పాట్‌కు మారినా ఆ ఐపీ మారిపోవచ్చు. సెక్యూరిటీ గ్రూప్ అంతా సరిగానే ఉండి కూడా టైమ్డ్ ఔట్ అవుతుంటే నెట్‌వర్క్ ఏసీఎల్ (సబ్‌నెట్ మొత్తానికి ఉండే ఫైర్‌వాల్) చూడాలి. సెక్యూరిటీ గ్రూప్ లోపలికి వచ్చిన కనెక్షన్‌ను గుర్తుపెట్టుకుని జవాబును దానంతటదే బయటికి వదులుతుంది. ఏసీఎల్‌కు ఆ జ్ఞాపకం లేదు. జవాబు వెళ్లడానికి 1024 నుంచి 65535 వరకు పోర్టులను బయటివైపు విడిగా తెరవాలి.

ఇది నేర్పడానికి క్లౌడ్ ఖాతా కూడా అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి రెండు ఉబుంటు మెషీన్లు పెట్టండి. ఒకదాంట్లో లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌తో 22వ పోర్ట్‌కు "డ్రాప్" పెట్టి రెండోదాన్నుంచి ప్రయత్నిస్తే టైమ్డ్ ఔట్ వస్తుంది. అదే నియమాన్ని "రిజెక్ట్"గా మారిస్తే రెఫ్యూజ్డ్ వస్తుంది. నియమం తీసేసి సర్వీసు ఆపినా రెఫ్యూజ్డే. ఈ రెండు రెఫ్యూజ్డ్‌లనూ, వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ తెరిచి విడదీయమనండి. రెండు గంటల ల్యాబ్ చాలు, జన్మలో మరచిపోరు.

రెండో ల్యాబ్ బూట్ కాని మెషీన్. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో, అసలు లేని డిస్క్ యూయూఐడీతో (గుర్తింపు సంఖ్యతో) ఒక వరుస రాసి, డిస్క్ దొరక్కపోయినా ఆగవద్దని చెప్పే "నోఫెయిల్" పెట్టకుండా రీబూట్ చేయించండి. మెషీన్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది, ఎస్ఎస్‌హెచ్ రాదు. క్లౌడ్‌లో ఆ మెషీన్ ముందు కీబోర్డు పెట్టుకుని కూర్చోలేం కదా! కన్సోల్‌లో సిస్టమ్ స్టేటస్ చెక్ పాసై, ఇన్‌స్టెన్స్ స్టేటస్ చెక్ ఫెయిలైందంటే దోషం కింది హార్డ్‌వేర్‌లో లేదు, మన ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది. సిస్టమ్ లాగ్ తెరిస్తే ఏ మౌంట్ దగ్గర ఆగిందో కనిపిస్తుంది. ఇక బాగుచేత. ముందు డిస్క్‌కు స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీయాలి. మెషీన్‌ను ఆపి, రూట్ వాల్యూమ్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్) విడదీసి, అదే అవైలబిలిటీ జోన్‌లో (రీజియన్‌లోని అదే డేటా సెంటర్ సముదాయంలో) ఉన్న మరో మెషీన్‌కు రెండో డిస్క్‌గా తగిలించి, మౌంట్ చేసి, ఆ వరుస సరిచేసి, మళ్లీ వెనక్కి తగిలించాలి. వేరే జోన్‌లో మెషీన్ పెట్టుకుంటే ఆ వాల్యూమ్ అసలు తగలదు. తిరిగి తగిలించేటప్పుడు మొదట ఉన్న డివైస్ పేరే ఇవ్వాలి. వేరే పేరిస్తే రూట్ డిస్క్ లేదని మెషీన్ మొరాయిస్తుంది.

ఇందులో చాలామంది పడే గుంట ఒకటుంది. సహాయక మెషీన్‌ను కూడా అదే ఇమేజ్ నుంచి తయారుచేస్తే, రెండు డిస్కుల యూయూఐడీ ఒకటే అవుతుంది. ఫైల్ సిస్టమ్ ఎక్స్ఎఫ్ఎస్ అయితే మౌంట్ కానని తిరస్కరిస్తుంది. మౌంట్ కమాండ్‌కు "నోయూయూఐడీ" ఆప్షన్ ఇస్తే తీరిపోతుంది.

ఈ పద్ధతి పాత చింతకాయ పచ్చడి అనుకోవద్దు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరతో పడిపోయినప్పుడు, క్లౌడ్‌లోని వర్చువల్ మెషీన్లను లేపిన దారుల్లో ఇదొకటి. డిస్క్ విడదీసి, సహాయక మెషీన్‌కు తగిలించి, విండోస్ డ్రైవర్లలోని క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్‌లో "సీ–00000291"తో మొదలయ్యే ఫైల్ తీసేసి, మళ్లీ తగిలించడం. ఈ పని ఒక్కసారైనా చేత్తో చేసినవాళ్లు ఆ రోజు తడబడలేదు.

స్టేటస్ చెక్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సిస్టమ్ చెక్ ఫెయిలైతే రీబూట్‌తో ఒరిగేదేమీ లేదు, మెషీన్ అదే హోస్ట్ (కిందున్న అసలు కంప్యూటర్) మీద ఉండిపోతుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సాధారణంగా వేరే హోస్ట్‌కు వెళుతుంది. అయితే ఆపితే ఇన్‌స్టెన్స్ స్టోర్‌లోని (హోస్ట్‌కే ఉండే తాత్కాలిక డిస్క్‌లోని) డేటా పోతుంది, మారకుండా ఉండే ఎలాస్టిక్ ఐపీ లేకపోతే పబ్లిక్ ఐపీ మారుతుంది. ఈ రెండూ కస్టమర్‌కు చెప్పకుండా "స్టాప్ చేసి స్టార్ట్ చేయండి" అని రాసేస్తే, ఒక్క వాక్యంతో వాళ్ల డేటా తుడిచిపెట్టినవాళ్లమవుతాం. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే భయపడాల్సింది అక్కడే.

మూడో రకం కేసులు కాలపరిమితులవి. అనుభవం లేనివాళ్లను ఇవి వారాల తరబడి తిప్పుతాయి, ఎందుకంటే లోపం అప్పుడప్పుడే కనిపిస్తుంది. డేటాబేస్‌కు తెరిచిన కనెక్షన్ కాసేపు ఖాళీగా ఉంటే, తరువాతి క్వెరీ "కనెక్షన్ రీసెట్" అని పడిపోతుంది. మధ్యాహ్నం రద్దీలో అంతా బాగుంటుంది, తెల్లవారుజామున మొదటి రిక్వెస్ట్‌కే దెబ్బ తింటుంది. దారిలో ఉన్న ప్రతి పెట్టెకూ ఖాళీ కనెక్షన్‌ను మరచిపోయే గడువు ఒకటి ఉండటమే కారణం. లోపలి మెషీన్లను ఇంటర్నెట్‌కు కలిపే అమెజాన్ నాట్ గేట్‌వేకు అది 350 సెకన్లు. వచ్చే రద్దీని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్‌కు, మైక్రోసాఫ్ట్ అజూర్‌లో మామూలుగా 4 నిమిషాలు. గూగుల్ క్లౌడ్ ఫైర్‌వాల్‌కు 10 నిమిషాలు. లైనక్స్ మాత్రం "బతికే ఉన్నావా" అని అడిగే కీప్‌అలైవ్ ప్యాకెట్‌ను ఎవరూ మార్చకపోతే 7200 సెకన్లకు, అంటే రెండు గంటలకు గానీ పంపదు. ఆ లోపే దారిలోని పెట్టె ఎప్పుడో మరచిపోయి ఉంటుంది. కీప్‌అలైవ్ సమయాన్ని ఆ గడువులన్నిటికంటే తక్కువకు, 200 సెకన్లకు దించితే సరిపోతుంది. కెర్నెల్‌లో మార్చినంత మాత్రాన పని కాదన్నది చాలామంది వదిలేసే విషయం: అప్లికేషన్ తన సాకెట్ మీద కీప్‌అలైవ్‌ను ఆన్ చేసి ఉండాలి. కనెక్షన్ పూల్ సెట్టింగ్‌లో అది ఉందో లేదో కస్టమర్‌ను తప్పక అడగాలి.

ఇదే జాతికి చెందినది అప్పుడప్పుడు వచ్చే 502 ఎర్రర్, అంటే వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని. అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ ఖాళీ కనెక్షన్‌ను 60 సెకన్లు తెరిచి ఉంచుతుంది. దాని వెనక నోడ్.జేఎస్‌లో రాసిన సర్వర్ ఉంటే, అక్కడ ఏళ్ల తరబడి డిఫాల్ట్ 5 సెకన్లే. సర్వర్ కనెక్షన్ మూసేసే క్షణంలోనే లోడ్ బ్యాలెన్సర్ అదే కనెక్షన్ మీద కొత్త రిక్వెస్ట్ పంపిందనుకోండి, అవతల తలుపు మూసుంటుంది, యూజర్‌కు 502 పడుతుంది. వేల రిక్వెస్టుల్లో ఒకటి రెండుకే ఇలా అవుతుంది కాబట్టి డెవలపర్ "మా కోడ్‌లో తప్పులేదు" అంటాడు. నిజానికి కోడ్‌లో తప్పు లేదు కూడా. వెనకున్న సర్వర్ గడువు ముందున్న లోడ్ బ్యాలెన్సర్ గడువుకంటే ఎక్కువుండాలి. 65 సెకన్లు పెడితే 502లు ఆగుతాయి. 504 అయితే కథ వేరు, సర్వర్ సమయానికి జవాబివ్వలేదని. 503 అయితే టార్గెట్ గ్రూప్‌లో (లోడ్ బ్యాలెన్సర్ పని పంచే మెషీన్ల జాబితాలో) మెషీన్లే లేవేమో చూడాలి. మూడింటినీ "సైట్ డౌన్" అనే ఒకే గాటన కట్టడం వల్లనే గంటలు పోతున్నాయి.

డిస్కుల దగ్గర మూడు ముడులు. డిస్క్ నిండిందని ఎర్రర్, కానీ ఫైళ్ల సైజులన్నీ కూడితే సగం కూడా లేదు: డిలీట్ చేసిన లాగ్ ఫైల్‌ను ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచే ఉంచింది. తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్ఎస్ఓఎఫ్ కమాండ్‌తో ఆ ప్రాసెస్ పట్టుకుని రీస్టార్ట్ చేస్తే చోటు తిరిగొస్తుంది. డిస్క్‌లో చోటున్నా నిండిందంటోంది: ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోయాయి, లక్షల కొద్దీ చిన్న సెషన్ ఫైళ్లు ఎక్కడో పేరుకున్నాయి. వాల్యూమ్‌ను 50 జీబీ నుంచి 100కు పెంచినా మెషీన్‌లో 50యే కనిపిస్తోంది: పార్టిషన్‌ను గ్రోపార్ట్‌తో, తరువాత ఫైల్ సిస్టమ్‌ను ఈఎక్స్‌టీ4 అయితే రీసైజ్2ఎఫ్ఎస్‌తో, ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఎక్స్ఎఫ్ఎస్ గ్రోఎఫ్ఎస్‌తో పెంచాలి. పెంచిన వాల్యూమ్‌ను మళ్లీ తగ్గించడం కుదరదని ముందే చెప్పాలి.

"అరగంట బాగా నడిచి తరువాత నత్తనడక" అనే ఫిర్యాదును మాత్రం విద్యార్థి చేత లెక్క కట్టించాలని మా మనవి. అమెజాన్ జీపీ2 వాల్యూమ్‌కు జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకు డిస్క్ చేసే చదవడం, రాయడం) చొప్పున హక్కు ఉంటుంది. 100 జీబీకి 300. అవసరమైతే 3000 దాకా ఎగబాకుతుంది, కానీ అందుకు 54 లక్షల క్రెడిట్ల మూట నుంచి ఖర్చు పెట్టాలి. సెకనుకు 3000 ఖర్చు, 300 జమ, అంటే నికరంగా 2700 పోతున్నాయి. 54 లక్షలను 2700తో భాగిస్తే 2000 సెకన్లు, దాదాపు 33 నిమిషాలు. మూట ఖాళీ కాగానే వేగం పదోవంతుకు పడిపోతుంది. కోడ్ మారలేదు, సర్వర్ మారలేదు, క్రెడిట్ అయిపోయింది. బ్యాలెన్స్ గ్రాఫ్ చూపిస్తే కస్టమర్‌కు ఇంకో ప్రశ్న ఉండదు. సైజుతో పనిలేకుండా 3000 ఇచ్చే జీపీ3కి మారడం పరిష్కారం.

సర్టిఫికెట్ల గడువు గురించి క్లుప్తంగా. వెబ్‌సైట్ గుర్తింపును రుజువు చేసే టీఎల్ఎస్ సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 398 రోజుల నుంచి 2026 మార్చి 15కు 200 రోజులకు, 2027 మార్చి 15కు 100కు, 2029 మార్చి 15కు 47 రోజులకు తగ్గేలా నిబంధన వచ్చింది. చేత్తో రెన్యూ చేసే అలవాటున్న చిన్న సంస్థలకు ఇది పెద్ద తలనొప్పి కాబోతోంది. బ్రౌజర్‌లో సైట్ తెరుచుకుంటుంది కానీ మొబైల్ యాప్‌లో తెరుచుకోదంటే, సైట్ సర్టిఫికెట్‌ను జారీ సంస్థ మూల సర్టిఫికెట్‌తో కలిపే మధ్య సర్టిఫికెట్‌ను సర్వర్ పంపడం లేదేమో మొదట చూడాలి. చాలా బ్రౌజర్లు దాన్ని ఎలాగో సంపాదించుకుంటాయి, యాప్‌లు సాధారణంగా ఆ పని చేయవు.

ఒక్కోసారి తప్పు క్లౌడ్ సంస్థదే అవుతుంది. 2025 అక్టోబరు 20న అమెజాన్ ఉత్తర వర్జీనియా రీజియన్ దెబ్బతిన్నప్పుడు మూలం అక్కడి డేటాబేస్ సర్వీసు డైనమోడీబీ డీఎన్ఎస్ రికార్డు (పేరును ఐపీ చిరునామాగా మార్చే నమోదు) ఖాళీ అయిపోవడం. రికార్డులను నడిపే రెండు ఆటోమేటిక్ ప్రక్రియలు ఒకదాన్నొకటి తొక్కుకోవడంతో అలా జరిగింది. అలాంటప్పుడు సపోర్ట్ ఇంజినీర్ చేయాల్సింది కస్టమర్ సెట్టింగులు మార్పించడం కాదు, మార్చవద్దని ఆపడం. కంగారులో మెషీన్లు డిలీట్ చేసుకున్నవాళ్లు సర్వీసు తిరిగొచ్చాక కూడా కోలుకోలేరు.

ఇదంతా తెలిసినా రాయడం రాకపోతే ఈ ఉద్యోగంలో నెగ్గలేరు. ఇది మా గట్టి అభిప్రాయం. కస్టమర్ "వెబ్‌సైట్ పనిచేయడం లేదు, అర్జెంట్" అని రాస్తారు. మనం ఒక ప్రశ్న అడిగి ఆగితే, అవతలివాళ్లు అమెరికాలో ఉంటే వాళ్ల జవాబు మర్నాడు వస్తుంది. ఐదు ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడిగితే వారం గడిచిపోతుంది. మొదటి ఉత్తరంలోనే అన్నీ అడగాలి: ఏ రీజియన్, ఏ మెషీన్ ఐడీ, ఎప్పుడు మొదలైంది, అందరికీనా కొందరికేనా, ముందురోజు ఏం మార్చారు, పూర్తి ఎర్రర్ టెక్స్ట్, రిక్వెస్ట్ ఐడీ. అమెజాన్ ఫైళ్ల నిల్వ సర్వీసు ఎస్3 అయితే జవాబులో రెండు ఐడీలుంటాయి, రెండూ కావాలి. సమయం అడిగేటప్పుడు టైమ్‌జోన్ కూడా అడగాలి. మన ఉదయం 9:30 అంటే యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) 04:00. లాగ్‌లు సాధారణంగా యూటీసీలో ఉంటాయి. ఆ ఐదున్నర గంటల తేడా మరిచిపోతే మనం చూసేది దోషమే లేని గంట.

జవాబు ఇలా ఉండాలి: "యూటీసీ 04:00, 04:20 మధ్య మీ లోడ్ బ్యాలెన్సర్ లాగ్‌లో 502లు చూశాం. ఆ వరుసల్లో టార్గెట్ స్టేటస్ కోడ్ స్థానంలో అడ్డగీత ఉంది, అంటే మీ సర్వర్ నుంచి జవాబు రాలేదు. సర్వర్ కీప్‌అలైవ్‌ను 65 సెకన్లకు పెంచండి. పెంచాక గంటసేపు ఇదే లాగ్ గమనించండి. ఇబ్బంది వస్తే పాత విలువ పెట్టేయవచ్చు, డేటాకు ప్రమాదం లేదు." చూసింది, దాని అర్థం, చేయాల్సింది, వెనక్కి తీసుకునే దారి. కాలేజీలో ప్రతి ల్యాబ్ చివర విద్యార్థి చేత ఇలాంటి ఉత్తరం తెలుగులో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి రాయించాలి. తెలుగులో స్పష్టంగా చెప్పలేకపోతే దోషం భాషది కాదు, విషయం ఇంకా అర్థం కాలేదు.

అడగకూడనివి కూడా నేర్పాలి. పాస్‌వర్డ్, సీక్రెట్ కీ, ప్రైవేట్ కీ ఫైల్ ఎప్పుడూ అడగకూడదు. కస్టమర్ తనంతట తానే పంపినా వెంటనే మార్చుకోమని చెప్పాలి. బ్రౌజర్ నుంచి తీసే హార్ ఫైల్‌లో (సైట్‌తో బ్రౌజర్ జరిపిన రాకపోకల రికార్డు) కుకీలు, సెషన్ టోకెన్లు ఉంటాయి, వాటిని తీసేశాకే జతచేయమనాలి. లాగిన్ సేవలందించే ఓక్టా సంస్థ సపోర్ట్ కేసులకు కస్టమర్లు జతచేసిన హార్ ఫైళ్లు దొంగల చేతికి చిక్కి, వాటిలోని టోకెన్లతో కొందరి సెషన్లను హైజాక్ చేసిన సంగతి 2023 అక్టోబరులో బయటపడింది. మన దేశంలో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఖాతాలో ఎవరేం చేశారో నమోదు చేసే అమెజాన్ క్లౌడ్‌ట్రెయిల్‌లో, విడిగా ఏ ఏర్పాటూ చేయకుండా దొరికే ఈవెంట్ హిస్టరీ 90 రోజులదే. మిగతా కాలానికి ట్రెయిల్‌ను ఎస్3లోకి పంపే ఏర్పాటు మనమే చేసుకోవాలి. మన రాష్ట్రాల్లోని చిన్న సంస్థలు చాలావరకు ఈ తేడాను దాడి జరిగాకే తెలుసుకుంటున్నాయి.

ఉద్యోగార్థులకు షిఫ్టుల గురించి దాచకుండా చెప్పండి. "ప్రొడక్షన్ డౌన్" (కస్టమర్ అసలు వ్యవస్థే ఆగిపోయిన) కేసుకు సాధారణంగా గంటలోపు, ఖరీదైన ప్లాన్లలో 15 నిమిషాల్లోపు మొదటి స్పందన ఇవ్వాలి. అది మొదటి స్పందనకు గడువు, పరిష్కారానికి కాదు. కస్టమర్లకు ఈ తేడా మొదట్లోనే వివరించాలి. కొన్ని సంస్థలు సూర్యుణ్ని బట్టి కేసును ఖండాంతరాలకు అప్పగిస్తాయి, అక్కడ రాత్రి పని తక్కువ. కొన్నిచోట్ల అమెరికా పగలంతా మన రాత్రే. చేరేముందు ఏ పద్ధతో అడిగి తెలుసుకోవాలి. ఆ అడగడం తప్పేమీ కాదు.

చివరిగా కాలేజీలకు డబ్బు విషయం. 2022 నవంబరు నుంచి అమెజాన్‌కు హైదరాబాద్‌లోనే మూడు జోన్ల రీజియన్ ఉంది. అది ఖాతాలో దానంతటదే తెరిచి ఉండదు, సెట్టింగుల్లో ఎనేబుల్ చేయాలి. ల్యాబ్ అయిపోయాక మెషీన్ ఆపితే సరిపోదు. నాట్ గేట్‌వే, లోడ్ బ్యాలెన్సర్ ఎవరూ వాడకపోయినా గంటల లెక్కన బిల్లు వేస్తాయి. పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు 2024 ఫిబ్రవరి 1 నుంచి గంటకు 0.005 డాలర్లు. విడదీసిన వాల్యూములు, తీసిన స్నాప్‌షాట్లు డిలీట్ చేసేదాకా అలాగే ఉండి బిల్లు పెంచుతాయి. బడ్జెట్ అలర్ట్ పెట్టండి, కానీ బిల్లింగ్ సమాచారం గంటల ఆలస్యంగా వస్తుంది కాబట్టి దాని మీదే ఆధారపడవద్దు. ఎస్ఎస్‌హెచ్, డిస్క్, సర్టిఫికెట్ ల్యాబులన్నీ వర్చువల్‌బాక్స్‌లో చేయించి, లోడ్ బ్యాలెన్సర్, నాట్ గేట్‌వే ల్యాబులకు మాత్రం ఒక్క పూట ఖాతా తెరిచి, సాయంత్రం అధ్యాపకులు దగ్గరుండి ఒక్కో వనరును డిలీట్ చేయించాలి. మీ పత్రిక విద్యా పేజీలో వారానికొక చెడిపోయిన సర్వర్ ప్రశ్నను లాగ్ వరుసలతో సహా ప్రచురించి, జవాబును వచ్చే వారం ఇస్తే, ప్రశ్నలు తయారుచేసి పంపడానికి మేము సిద్ధం.

– కొందరు క్లౌడ్ సపోర్ట్ ఇంజినీర్లు, హైదరాబాద్